మామయ్యగారి జ్ఞాపకాలకు ఆ చిన్న నెట్‌బుక్ చాలు

ప్రశ్న: మాది మల్కాజిగిరి. 2009లో మావారు కొన్న నెట్‌బుక్ ఒకటి అటక మీద నుంచి దింపాం. 10 అంగుళాల తెర, ఇంటెల్ ఆటమ్ ఎన్270, 1 జీబీ ర్యామ్, 160 జీబీ హార్డ్ డిస్క్. అందులో ఎక్స్‌పీ ఉండేది. రిపేరు షాపులో ఇస్తే విండోస్ 10 వేశారు. ఆన్ అయ్యేసరికే పది నిమిషాలు పడుతోంది, ఆ తర్వాత మౌస్ కూడా కదలడం లేదు. ఇంకో షాపులో అడిగితే స్క్రాప్‌కి ఇచ్చేయమన్నారు. మా మామయ్యగారు తెలుగు పండిట్‌గా చేసి రిటైరయ్యారు. 74 ఏళ్ళు. చిన్ననాటి సంగతులన్నీ రాసి పెట్టాలని ఆయన కోరిక. చెయ్యి వణకడం వల్ల పెన్ను పట్టుకోలేరు, ఫోన్‌లో అక్షరాలు ఆనవు. దీంట్లో లైనక్స్ వేస్తే ఆయనకు పనికొస్తుందా? మా బాబు ఆరో తరగతి. వాడికి కోడింగ్ కావాలట, యూట్యూబ్ కూడా కావాలట. లైనక్స్ గురించి నాకేమీ తెలియదు, టెన్షన్‌గా ఉంది. ఎంత ఖర్చవుతుందో కూడా చెప్పండి.

సమాధానం: స్క్రాప్‌కి ఇవ్వకండమ్మా. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది ఏమిటంటే, ఈ కంప్యూటర్‌తో ఏ పని కావాలో మీరే ముందు చెప్పారు. లైనక్స్ అంటే విండోస్ బదులు వేసుకునే ఉచిత సిస్టం, అందులో చాలా రకాలున్నాయి. చాలామంది ఏ లైనక్స్ మంచిదని అడుగుతారు, దాంతో ఏం చేస్తారో చెప్పరు. మీ మామయ్యగారు తెలుగులో రాసుకోవాలి. ఆ ఒక్క పనికీ ఈ నెట్‌బుక్ నిక్షేపంలా సరిపోతుంది. మిగతా కోరికలన్నీ దీని మీద వేస్తే మాత్రం దేనికీ పనికిరాకుండా పోతుంది. అందుకే నేను చెప్పేదంతా మామయ్యగారిని దృష్టిలో పెట్టుకునే చెబుతాను, బాబు సంగతి మధ్యలో వస్తుంది.

ముందు యూట్యూబ్ సంగతి తేల్చేస్తాను. ఎన్270 అనేది 2008లో వచ్చిన ఒకే కోర్ ఉన్న చిప్. ఇప్పటి వీడియోలను విప్పి చూపించే శక్తి దానికీ లేదు, దానితో వచ్చే గ్రాఫిక్స్‌కీ లేదు. బొమ్మ ఆగి ఆగి వస్తుంది, మెషీన్ వేడెక్కుతుంది, పిల్లాడికి విసుగొస్తుంది. వీడియోలు ఫోన్‌లోనో టీవీలోనో చూడమనండి.

విండోస్ 10 వేసినవాళ్ళు రూలు తప్పలేదు. దాని 32-బిట్ రకానికి, అంటే పాత తరహా చిప్‌ల మీద కూడా నడిచేదానికి, కనీసం 1 జీబీ ర్యామ్ ఉండాలని మైక్రోసాఫ్ట్ రాసింది, మీ దాంట్లో సరిగ్గా అంతే ఉంది. ఆ ర్యామ్ అంతా సిస్టమే తినేస్తే మీ పనికి మిగిలేదేమీ ఉండదు. చోటు చాలక హార్డ్ డిస్క్ మీదకు రాసుకుంటూ, మళ్ళీ చదువుకుంటూ ఉంటుంది. ఆ పది నిమిషాలు పోయేది అక్కడే. పైగా 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. పాత ఎక్స్‌పీకి వెళ్దామన్నా, దానికి 2014 ఏప్రిల్‌లోనే ఆపేశారు. దాన్ని ఇప్పుడు ఇంటర్నెట్‌కు కలపడం మంచిది కాదు.

ఇప్పుడు ఏ లైనక్స్ అన్నది. మీ చిప్ 32-బిట్‌ది. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే పేరున్న లైనక్సులు చాలావరకు ఆ దారి మూసేశాయి. ఉబుంటు ఎప్పుడో వదిలేసింది. డెబియన్ కూడా 2025 ఆగస్టులో వచ్చిన 13వ వెర్షన్ నుంచి 32-బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. అంతకుముందు 2023లో వచ్చిన డెబియన్ 12 మీద కట్టినవి ఉన్నాయి. వాటిలో మీకు నేను చెప్పేది యాంటీఎక్స్ 23. ఎక్కువ మెమరీ అడిగే హంగులన్నీ పక్కన పెట్టి, తెర మీద కిటికీలను నడిపించే ఐస్‌డబ్ల్యూఎం అనే చిన్న విండో మేనేజర్‌తో వస్తుంది. ఆన్ అయి ఖాళీగా కూర్చున్నప్పుడు పావు జీబీకి అటూ ఇటూ ర్యామ్ వాడుతుంది. మిగిలిన ముప్పావు జీబీ మామయ్యగారిదే. పప్పీ లైనక్స్ ఇంకా తేలిక, పాత మెషీన్ల విషయంలో దానికి మంచి పేరుంది. అయితే ఫైళ్ళు భద్రపరిచే పద్ధతి అందులో కొంచెం వేరుగా ఉంటుంది. కొత్తవాళ్ళు అర్థం చేసుకోకపోతే రాసింది పోయే ప్రమాదం ఉంది. పెద్దాయన రాతల విషయంలో ఆ ప్రమాదం వద్దు.

డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఫైల్ పేరులో 386 అని ఉన్నది, 'ఫుల్' అని రాసి ఉన్నది తీసుకోండి. లిబ్రెఆఫీస్, ఫైర్‌ఫాక్స్ అందులోనే వచ్చేస్తాయి. ఎక్స్64 అని ఉన్నది తీసుకుంటే, ఈ కెర్నల్‌కు (లైనక్స్ లోపలి ముఖ్య భాగానికి) 64-బిట్ చిప్ కావాలని నల్ల తెర మీద ఒక వాక్యం వచ్చి ఆగిపోతుంది. భయపడకండి, ఏదీ పాడవదు. తప్పు ఫైల్ అని అర్థం, అంతే.

సిస్టం మార్చే ముందు చేయాల్సింది ఇంకొకటి ఉంది. నా దగ్గరికొచ్చే ఉత్తరాలకు జవాబు రాస్తూ దీన్ని ఎన్నిసార్లు చెప్పినా నాకు తృప్తి ఉండదు. ఆ 160 జీబీ డిస్క్‌లో 2009 నుంచి ఏమేం ఉన్నాయో చూశారా? విండోస్ 10 వేసినప్పుడు పాతవి చెరిగిపోయాయా, లేక ఇంకో డ్రైవ్‌లో ఉన్నాయా? బాబు పుట్టకముందు ఫోటోలు, మీవారి పాత ఫైళ్ళు ఉండొచ్చు. మా నాన్న మా ఊరి చెరువు గురించి, దాని తూముల గురించి, నీళ్ళ పంపకం గురించి నలభై పేజీలు టైప్ చేసుకున్నారు. ఒకరోజు ఆయన కంప్యూటర్ డిస్క్ టక్, టక్ మని చప్పుడు మొదలుపెట్టింది. ఆదివారం వచ్చి చూస్తానన్నాను. ఆదివారానికి అది ఆగిపోయింది. ఇంకో కాపీ ఎక్కడా లేదు. మళ్ళీ రాయమని అడిగాను, రాస్తానన్నారు, రాయలేదు. అందుకని మీ ఇంట్లో ఆ చప్పుడు వినిపిస్తే వారాంతం దాకా ఆగకండి, ఆ పూటే ఉన్నవన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తీసేయండి.

ఇక అసలు పని. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకోండి, అందులో ఉన్నవి పోతాయి కాబట్టి ఖాళీది. ఇంకెవరిదైనా విండోస్ ల్యాప్‌టాప్‌లో రూఫస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో యాంటీఎక్స్ ఫైల్‌ను దాని మీద రాయించండి. మామూలుగా కాపీ చేసి అతికిస్తే పనిచేయదు. ఆ పెన్‌డ్రైవ్‌ను నెట్‌బుక్‌కు పెట్టి, ఆన్ చేసిన వెంటనే బూట్ మెనూ (దేని మీద నుంచి లేవాలో అడిగే జాబితా) మీట నొక్కాలి. అసుస్ ఈఈఈ పీసీ అయితే ఎస్కేప్. ఏసర్ ఆస్పైర్ వన్ అయితే ఎఫ్12. అయితే ఏసర్ వాటిలో ఆ ఎఫ్12 మెనూ ముందుగా ఆఫ్ చేసి ఉండొచ్చు. ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి, అంటే మెషీన్ సొంత సెట్టింగుల్లోకి వెళ్ళి ఆన్ చేసుకోవాలి. లైనక్స్ రావడం లేదని ఇక్కడే వదిలేసినవాళ్ళు చాలామంది.

పెన్‌డ్రైవ్ నుంచి లేచాక వెంటనే ఇన్‌స్టాల్ చేయకండి. యాంటీఎక్స్ డిస్క్‌ను ముట్టకుండానే పెన్‌డ్రైవ్ మీద నుంచి నడుస్తుంది. పాస్‌వర్డ్ అడిగితే డెమో అని, అడ్మిన్‌ది అడిగితే రూట్ అని చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. రెండు రోజులు అలాగే వాడి చూడండి. వైఫై దొరుకుతోందా, శబ్దం వస్తోందా, తెర వెలుతురు మారుతోందా, మూత మూసి తెరిస్తే మళ్ళీ లేస్తోందా. వైఫై దగ్గర ఒక చిక్కు వస్తుంది. ఆ కాలపు నెట్‌బుక్‌లు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటాయి. మీ ఇంటి రూటర్ 5 గిగాహెర్ట్జ్ పేరు ఇందులో కనిపించనే కనిపించదు. రూటర్‌లో రెండో పేరు ఆన్‌లో ఉందో లేదో ఇంటర్నెట్ పెట్టినవాళ్ళను అడగండి. అది ఉండి కూడా వైఫై అసలు కనిపించకపోతే బహుశా బ్రాడ్‌కామ్ కంపెనీ వైఫై కార్డ్ అయి ఉంటుంది, దానికి వేరే ఫర్మ్‌వేర్ (కార్డ్‌ను నడిపే చిన్న ప్రోగ్రామ్) కావాలి. అప్పుడు వైర్‌తో రూటర్‌కు కలిపి అప్‌డేట్ చేస్తే చాలాసార్లు తీరిపోతుంది.

తేదీ కూడా చూసుకోండి. ఇన్నేళ్ళు అటక మీద ఉంది కాబట్టి లోపలి బిళ్ళ బ్యాటరీ అయిపోయి ఉంటుంది. ఆన్ చేసినప్పుడల్లా గడియారం వెనక్కి, ఎప్పటిదో ఒక తేదీకి వెళ్ళిపోతుంది. తేదీ తప్పుగా ఉంటే ఏ వెబ్‌సైటూ తెరుచుకోదు, సెక్యూరిటీ ఎర్రర్ అంటుంది. అందరూ వైఫైని తిడతారు, తప్పు బిళ్ళది. మామూలుగా సీఆర్2032 రకం పడుతుంది. కొన్ని నెట్‌బుక్‌లలో అది చిన్న తీగతో అతికించి ఉంటుంది, అలాంటిది షాపులో వేయించుకోండి.

అన్నీ బాగుంటే డెస్క్‌టాప్ మీద ఉన్న ఇన్‌స్టాలర్ తెరిచి, డిస్క్ అంతా వాడుకోమని చెప్పండి. మళ్ళీ అంటున్నాను, దీని తర్వాత పాత ఫైళ్ళు ఉండవు. ఇన్‌స్టాల్ మధ్యలో కరెంటు పోతే ఇబ్బంది, మీ బ్యాటరీ ఎలాగూ నిలబడదు, కాబట్టి ఇన్వర్టర్ ఉన్న ప్లగ్గుకు పెట్టండి. మామయ్యగారికి ఒక యూజర్, బాబుకు ఇంకొకటి పెట్టండి. ఎవరి ఫోల్డర్ వాళ్ళదే ఉంటుంది, పిల్లాడి చేతిలో తాతగారి ఫైల్ చెరిగిపోయే భయం ఉండదు.

ఆ చిన్న తెర గురించి ఒక మాట. దాని ఎత్తు 600 పిక్సెళ్ళే. కొన్ని సెట్టింగుల కిటికీలు అంతకన్నా పొడవు, అడుగున ఉండే ఓకే బటన్ తెర కిందకి పోతుంది. ఆల్ట్ మీట నొక్కి పట్టుకుని, కిటికీ మీద ఎక్కడైనా మౌస్ ఎడమ బటన్‌తో పట్టి పైకి లాగండి. కిటికీ తల తెర పైకి పోయి, అడుగున ఉన్న బటన్ కనిపిస్తుంది. ఇది తెలియక ఇన్‌స్టాలర్ ముందు గంటసేపు కూర్చున్నవాళ్ళున్నారు.

ఖర్చు అడిగారు. మొత్తం మీద రెండు వేలు దాటించకండి. అంతకు మించితే ఆ డబ్బు ఇంకో వాడిన ల్యాప్‌టాప్‌కు దాచుకోవడం మేలు. ఆ రెండు వేలలో మొదటి పైసా ర్యామ్ మీద కాదు, పెద్ద కీబోర్డ్ మీద పెట్టండి. నెట్‌బుక్ మీటలు మామూలు వాటికన్నా చిన్నవి, ఒకదాని పక్కన ఒకటి ఇరుక్కుని ఉంటాయి. వణికే చేతికి అది నరకం. మామూలు సైజు యూఎస్‌బీ కీబోర్డ్, నొక్కితే స్పష్టంగా దిగేది కొనండి. తెలుగు అక్షరాల స్టిక్కర్లు దొరికితే అవీ అతికించండి. ఇంట్లో వీజీఏ పోర్ట్ ఉన్న పాత మానిటర్ ఏదైనా ఉందా? ఉంటే దానికి కలపండి, నెట్‌బుక్ పక్కన ఆ పోర్ట్ ఉంటుంది. తెర పెద్దదైతే మామయ్యగారికి మెడా కళ్ళూ రెండూ హాయిగా ఉంటాయి.

ర్యామ్ రెండో ఖర్చు. ఎన్270తో వచ్చే చిప్‌సెట్ 2 జీబీకి మించి తీసుకోదు, అందుకని 4 జీబీది అంటగడితే తీసుకోకండి. చాలావాటిలో ఒకే స్లాట్ ఉంటుంది, అలాంటప్పుడు 1 జీబీది తీసి 2 జీబీది పెట్టడమే. అడుగున చిన్న మూత ఉంటే రెండు స్క్రూలు విప్పితే సరిపోతుంది. ముందు అడాప్టర్ పీకి, బ్యాటరీ తీసేయండి. ర్యామ్ ముక్కకు అటూ ఇటూ సన్నటి రెండు వెండి రంగు క్లిప్పులుంటాయి. వాటిని బొటనవేళ్ళతో బయటికి నెడితే ముక్క దానంతటదే ఏటవాలుగా పైకి లేస్తుంది. అంచు పట్టుకుని లాగండి, బంగారు గీతల మీద వేలు పెట్టకండి. లోపల దుమ్ము పేరుకుని ఉంటుంది. మెత్తటి బ్రష్‌తో ఫ్యాన్ రెక్కలు కూడా తుడవండి. ఆ ముక్కను ఒక కాగితంలో చుట్టి మీతో షాపుకు తీసుకెళ్ళండి. ఇది డీడీఆర్2 రకం. డీడీఆర్3 చూడ్డానికి అలాగే ఉంటుంది కానీ గాటు వేరే చోట ఉంటుంది, అసలు ఎక్కదు. మీకు దగ్గరే, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అంటారు. అక్కడ పాత ర్యామ్ ముక్కలు పెట్టుకునే కొట్లున్నాయి. ముక్క చూపించి, ఇదే రకంలో 2 జీబీది కావాలి, పెట్టి చూపించండి అని అడగండి. నాలుగు కొట్లలో అడిగాకే కొనండి.

అడాప్టర్ మీద కూడా జాగ్రత్త. చాలా నెట్‌బుక్‌లకు 19 వోల్టులది పడుతుంది, మొదట్లో వచ్చిన ఈఈఈ పీసీల్లో కొన్నిటికి అంతకన్నా తక్కువ. నెట్‌బుక్ అడుగున స్టిక్కర్ మీద ఉన్న వోల్టుల అంకె, అడాప్టర్ మీద ఉన్న అంకె ఒకటే ఉండాలి. ఆంపియర్లు ఎక్కువున్నా ఫర్వాలేదు, తక్కువ ఉండకూడదు. పిన్ను పట్టింది కదా అని ఒక కొట్టులో నాకిచ్చిన అడాప్టర్‌తో ఒక మదర్‌బోర్డ్ పోయింది. అప్పటి నుంచి స్టిక్కర్ చదవకుండా ప్లగ్ పెట్టను.

పాత బ్యాటరీ ఉబ్బి ఉంటే వాడకండి, పొడవకండి, చెత్తబుట్టలో వేయకండి. ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చేయండి. బ్యాటరీ లేకుండా అడాప్టర్ మీదే నెట్‌బుక్ చక్కగా నడుస్తుంది. హార్డ్ డిస్క్ బదులు లోపల తిరిగే భాగాలు లేని చిన్న ఎస్ఎస్‌డీ వేస్తే వేగం బాగా తెలుస్తుంది, కానీ ఇప్పుడే వద్దు. ముందు యాంటీఎక్స్‌లో జీస్మార్ట్‌కంట్రోల్ అనే ప్రోగ్రామ్ వేసి డిస్క్ ఆరోగ్యం చూడండి. రీఅలొకేటెడ్ సెక్టార్లు (పాడైపోయి పక్కన పెట్టిన చోట్లు) అన్న దగ్గర అంకె పెరుగుతూ పోతుంటే అప్పుడు మార్చండి.

ఇప్పుడు తెలుగు. యాంటీఎక్స్‌లో కొత్త ప్రోగ్రాములు వెతికి వేసుకునే సినాప్టిక్ అనే ప్రోగ్రామ్‌లో 'తెలుగు' అని ఇంగ్లిష్‌లో వెతికితే తెలుగు ఫాంట్లు కనిపిస్తాయి. లోహిత్ తెలుగు ఒకటి, పోతన, వేమన ఉన్న ఇంకో ప్యాకేజీ ఒకటి వేయండి. పుస్తకాలు చదివిన కళ్ళకు పోతన బాగుంటుంది. టైపింగ్‌కు రెండు దారులున్నాయి. ఒకటి ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగు వచ్చేది, దానికి ఐబస్, దాంతోపాటు ఎమ్17ఎన్ అనే ప్రోగ్రాములు వేసి వాటిలో ఆర్‌టీఎస్ పద్ధతి ఎంచుకోవాలి. మీకూ నాకూ అది సులువు. మామయ్యగారికి మాత్రం ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డ్ అమరిక నేర్పించండి. జీవితమంతా తెలుగు వర్ణమాల చెప్పిన మనిషి, అమ్మ అని రాయడానికి ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఎందుకు ఆలోచించాలి? ఇన్‌స్క్రిప్ట్‌లో అచ్చులూ గుణింతాలూ ఎడమ చేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడి చేతి వైపు ఉంటాయి. క ఉన్న మీటకే షిఫ్ట్ నొక్కితే ఖ, గ మీటకే ఘ. వ్యాకరణం తెలిసినవాళ్ళకు ఆ అమరిక చూడగానే అర్థమవుతుంది. దీనికి వేరే ప్రోగ్రామ్ కూడా అక్కర్లేదు, కీబోర్డ్ లేఅవుట్లలో ఇండియన్ కింద తెలుగు ఎంచుకుంటే చాలు, ర్యామ్ ఖర్చు లేదు.

ఒకసారి చేసి చూపిస్తాను. ఇంగ్లిష్ డీ మీట షిఫ్ట్‌తో నొక్కితే అ. సీ మీట నొక్కితే మ. షిఫ్ట్ లేకుండా డీ నొక్కితే పొల్లు, మ కాస్తా మ్ అవుతుంది. మళ్ళీ సీ. తెర మీద మ కింద మ వత్తు కూర్చుని 'అమ్మ' అయిపోతుంది. వత్తు కోసం విడిగా మీట లేదు, పొల్లు పెట్టి రెండో హల్లు కొట్టడమే. మొదటి రోజు ఈ ఒక్క మాట, ఆయన పేరు, ఆయన ఊరి పేరు కొట్టించండి. వారం తిరిగేసరికి వేళ్ళకు దారి తెలుస్తుంది.

చెయ్యి వణుకుతుందన్నారు. దానికి మూడు మార్పులు తప్పకుండా చేయండి. మొదటిది, మీట నొక్కి పట్టుకుంటే అదే అక్షరం వరుసగా పడిపోయే కీ రిపీట్ ఆపేయండి. రెండోది, స్టికీ కీస్. షిఫ్ట్ నొక్కి వదిలేసి, తర్వాత తీరిగ్గా అక్షరం నొక్కొచ్చు, రెండు మీటలు ఒకేసారి పట్టుకోనక్కర్లేదు. ఇన్‌స్క్రిప్ట్‌కు షిఫ్ట్ ఎక్కువే కావాలి కాబట్టి ఇది లేకపోతే ఆయన రెండో రోజే వదిలేస్తారు. మూడోది, బౌన్స్ కీస్. వణుకుతో ఒకే మీట వెంటవెంటనే రెండుసార్లు పడితే ఒక్కసారిగానే లెక్కేస్తుంది. స్టికీ, బౌన్స్ రెండూ ఎక్స్‌కేబీసెట్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో పెట్టొచ్చు. అది కమాండ్‌తో నడిచేది, ఇక్కడ మాత్రం తెలిసినవాళ్ళ సాయం తీసుకోండి. గచ్చిబౌలిలో స్వేచ్ఛ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ ఉంది. తెలుగులో కంప్యూటర్ కోసం ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తున్నవాళ్ళు. నగరంలోని ఇంజనీరింగ్ కాలేజీల్లోనూ లైనక్స్ గుంపులుంటాయి. మీ వీధిలో అలాంటి విద్యార్థి ఒక్కరున్నా, సాయంత్రం టీ ఇచ్చి కూర్చోబెడితే గంటలో ఇదంతా అయిపోతుంది.

రాయడానికి లిబ్రెఆఫీస్ రైటర్ వాడమనండి. తెరుచుకోవడానికి కొంచెం సమయం తీసుకుంటుంది, తెరుచుకున్నాక ఇబ్బంది లేదు. అక్షరం సైజు 20 పెట్టండి, అచ్చు వేసేటప్పుడు తగ్గించుకోవచ్చు. రాసింది దానంతటదే దాచిపెట్టే ఆటోరికవరీ పది నిమిషాలకు ఒకసారి అని ఉంటుంది, దాన్ని రెండు నిమిషాలు చేయండి. బ్యాటరీ లేని మెషీన్, ఎండాకాలం కరెంటు, రెండూ మీకు తెలిసినవే. ఆయన పాత రచనలేవైనా డీటీపీ సెంటర్‌లో కొట్టించినవి ఉంటే, అవి అను ఫాంట్లలో ఉండొచ్చు. తెరిస్తే పిచ్చి పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఫైల్ పాడైందని చెరిపేయకండి. అది ఇప్పటి కంప్యూటర్లు, ఫోన్లు వాడే యూనికోడ్ అక్షరాల పద్ధతి కాదు, అంతే. మార్చుకోవడానికి కన్వర్టర్లున్నాయి.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. ఫోన్‌లో గూగుల్ కీబోర్డ్‌కు తెలుగు వాయిస్ టైపింగ్ ఉంది. మామయ్యగారు చెబుతుంటే అది రాస్తుంది. పల్లెటూరి మాటలు, పాత మాటలు చాలా తప్పులు పడతాయి, విరామ చిహ్నాలు ఉండవు. కానీ చెయ్యి బాగా వణికే రోజుల్లో అలా చెప్పించి, ఆ వచనాన్ని మీకు మెయిల్ చేసుకుని నెట్‌బుక్‌లో పెట్టండి. ఆయన పెద్ద అక్షరాల్లో చదువుకుంటూ దిద్దుకుంటారు. జీవితమంతా పిల్లల నోటుబుక్కులు దిద్దిన మనిషికి దిద్దడం కష్టమేమీ కాదు.

బాబుకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పించండి. పిల్లలకు కోడింగ్ నేర్పే స్క్రాచ్ కొత్త వెర్షన్‌ను ఈ మెషీన్ లాగలేదు. పైథాన్‌లో టర్టల్ అని ఒకటుంది. వంద అడుగులు ముందుకు, తొంభై డిగ్రీలు కుడికి, అలా నాలుగుసార్లు అంటే తెర మీద చతురస్రం గీస్తుంది. తొంభైని తొంభై ఒకటి చేసి వందసార్లు తిప్పమని చెప్పండి, ఏమవుతుందో వాణ్ణే చూడనివ్వండి. దానికి ఈ మెషీన్ ఎక్కువే. సినాప్టిక్‌లో పైథాన్3-టీకే అనేది వేయాలి, అది లేకపోతే బొమ్మ రాదు. సాయంత్రం ఒక గంట వాడిది, మిగతా రోజంతా తాతగారిది అని ముందే చెప్పేయండి. కివిక్స్ అనే ప్రోగ్రామ్ కూడా ఉంది. తెలుగు వికీపీడియాను ఒక ఫైల్‌గా దించి పెట్టుకుంటే ఇంటర్నెట్ లేకుండానే చదువుకోవచ్చు. తాతా మనవళ్ళిద్దరికీ పనికొస్తుంది.

ఎన్నాళ్ళు వస్తుందని కూడా మీరు ఆలోచిస్తుంటారు. డెబియన్ 12కు దీర్ఘకాల సెక్యూరిటీ సపోర్ట్ 2028 జూన్ చివరి వరకు అని డెబియన్ వాళ్ళు ప్రకటించారు. బ్రౌజర్ సంగతి వేరు. 32-బిట్ లైనక్స్‌కు ఫైర్‌ఫాక్స్‌ను 144వ వెర్షన్‌తో మొజిల్లా ఆపేసింది, ఎక్కువ కాలం సపోర్ట్ ఇచ్చే ఈఎస్ఆర్ రకంలో 140వ వెర్షన్‌కు మాత్రం కనీసం 2026 సెప్టెంబర్ వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామంది. అందుకని ఈ నెట్‌బుక్‌లో బ్యాంకు పనులు, కార్డు నంబర్లు, ముఖ్యమైన పాస్‌వర్డ్‌లు పెట్టకండి. సిస్టం అంతా సిద్ధమై, తెలుగు పడుతోందని చూసుకున్నాక వైఫై ఆపేసినా మామయ్యగారికి లోటేమీ ఉండదు. రాసుకోవడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు.

చివరిగా కాపీల సంగతి. రెండు పెన్‌డ్రైవ్‌లు కొని ఒకదానికి ఎర్ర దారం, ఇంకోదానికి పచ్చ దారం కట్టండి. ఈ శనివారం ఎర్రదానిలోకి, వచ్చే శనివారం పచ్చదానిలోకి ఫోల్డర్ మొత్తం కాపీ చేయండి. ఒకటి మీ దగ్గర, ఒకటి ఇంకో ఇంట్లో ఉండాలి. ప్రతి అధ్యాయం అయిపోయాక పీడీఎఫ్ తీసి ప్రింట్ కూడా చేయించి ఆయన చేతిలో పెట్టండి. మెషీన్ ఆన్ చేసినప్పుడు మెనూ రాకపోయినా, స్టిక్కర్ మీద నేను చెప్పిన నంబర్లు కాక వేరేవి ఉన్నా, అడుగు భాగం ఫోటో తీసి పంపండి. ఏ మీట నొక్కాలో చూసి రాస్తాను.